తూర్పు వాడ నీళ్ల మనిషి

మా అక్క ఖాళీ ఇళ్లలో కుళాయిలు తిప్పే ఉద్యోగం చేసేది. ఈ మాట చెబితే ఎవరైనా నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వాను.

కాగితం మిల్లు మూతపడ్డాక పదిహేనేళ్లలో మా ఊరు సగానికి పైగా ఖాళీ అయింది. ఇరవై వేలమంది ఉన్న చోట ఎనిమిది వేలమంది మిగిలాం. అప్పుడు రాజధానిలో కూర్చుని మాలాంటి ఊళ్ల కోసం ఒక ప్రణాళిక వేశారు. ఊరు బతకాలంటే మనుషులు కావాలి. పుట్టి పెరిగి పనికొచ్చేదాకా ఆగలేం కాబట్టి, పనితనం ఉన్నవాళ్లను బయటి దేశాల నుంచి పిలిపించాలి. నర్సులు, వెల్డర్లు, యంత్రాలు బాగుచేసేవాళ్లు, లెక్కల టీచర్లు. మూడేళ్లు ఈ ప్రాంతం దాటకుండా పనిచేస్తే వాళ్లు ఇక్కడే శాశ్వతంగా ఉండిపోవచ్చు. పదేళ్లలో మేం ముప్పై వేలమందిమి కావాలి. చెడ్డ ఆలోచనేం కాదు, ఇప్పటికీ ఆ మాటే అంటాను. కాకపోతే వాళ్లు మనుషులకంటే ముందు ఇళ్లు తెచ్చిపెట్టారు.

తూర్పు వైపు మిల్లు పొలాల్లో ఇరవై వీధులు వేసి మూడు వందల పన్నెండు ఇళ్లు కట్టారు. అన్నీ ఒకే అచ్చు. బూడిద రంగు గోడలు, ఆకుపచ్చ తలుపు, ముందు గది, ఒక పెద్ద పడకగది, ఒక చిన్నది, వెనక వంటిల్లు, స్నానాల గది, దాని పైన సామాను పెట్టుకునే అటక. వీధిలైట్లు పెట్టారు. బస్‌స్టాపులు పెట్టారు. దానికి తూర్పు వాడ అని పేరు పెట్టి, జనం కోసం ఎదురుచూశారు.

పైపుల్లో నీళ్లు కదలకుండా నిలవుంటే పాడైపోతాయి. అందుకని వారానికొకసారి ప్రతి ఇంట్లోనూ ప్రతి కుళాయినీ ఐదు నిమిషాలు వదలాలి. నీళ్ల శాఖలో మీటర్లు చూసే మా అక్కకు ఆ పని అప్పగించారు. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. రేకు బిళ్లలు కట్టిన తాళాల గుత్తులు ఆరు, రోజుకొకటి. పొద్దున్నే భుజాన సంచీ వేసుకుని వెళ్లేది. వంటింట్లో ఒకటి, స్నానాల గదిలో ఒకటి, పెరట్లో ఒకటి, మూడు కుళాయిలూ ఒకేసారి తిప్పేది. ముందు పైపులో గాలి దగ్గేది. తర్వాత తుప్పు నీళ్లు వచ్చేవి. ఆ పైన తేటబడేవి. మీటరు చూసి రిజిస్టరులో రాసుకుని, తలుపు వేసి, పక్కింటికి నడిచేది.

లోపలికి వెళ్లేముందు తలుపు తట్టేది. "నీళ్ల మనిషినండీ" అని కేకేసేది.

"ఎవరున్నారని అక్కా?" అన్నానోసారి.

"ఎవరూ లేరని తెలుసు. అయినా ఇంట్లోకి అలా దొంగలా జొరబడతామేంట్రా?" అంది.

తనలో తను మాట్లాడుకునే అలవాటు కూడా ఉండేది. "కాస్త ఓపిక పట్టండి, ఐదు నిమిషాలే. ఆ ఎర్రనీళ్లు మాత్రం తాగకండి" అని గోడలకు చెబుతూ ఉండేది. గిడ్డంగిలో తూకాలు వేసే మా బావ సాయంత్రం ఆమె గుమ్మం ఎక్కగానే, "ఏమోయ్, మీ చుట్టాలంతా కులాసాయేనా?" అని పలకరించేవాడు. "మీకంటే నయం, నోరెత్తరు" అనేది అక్క.

ఆ రోజుల్లో తూర్పు వాడకు బస్సు నడిపేవాణ్ణి నేను. రోజుకు ఎనిమిది ట్రిప్పులు, ఆరు స్టాపులు. ఎక్కేవాళ్లున్నా లేకపోయినా ప్రతి స్టాపులో తలుపులు తెరిచి అర నిమిషం ఆగాలని ఉత్తర్వు. తలుపులు తెరుచుకోగానే, "జాగ్రత్తగా దిగండి" అని రికార్డు చేసిన ఆడగొంతు పలికేది. ఆ అర నిమిషం నేను అద్దంలో ఖాళీ సీట్లను చూస్తూ కూర్చునేవాణ్ణి. కొన్నాళ్లకు చూడటం మానేశాను. ఎందుకంటే తలుపులు మూసుకున్నాక బస్సు ముందుకంటే కాస్త బరువుగా కదిలినట్టు అనిపించేది. ఎవరితోనూ అనలేదు. డ్రైవరుకు మతి చలించిందంటే ఉద్యోగం పోతుంది కదా.

తొమ్మిదో వీధి మంగళవారం వంతు. అందులో నాలుగో ఇంటి మీటరు ఒక వారం నలభై లీటర్లు ఎక్కువ చూపించింది. ఎక్కడో కారుతోందనుకుని అక్క గోడలు తడిమి చూసింది, నేల తట్టి చూసింది. ఎక్కడా తడి లేదు. మరుసటి వారం అరవై. ఆ రోజు వీధిలో ఉన్న ఇనుప మూత ఎత్తి, ఆ ఇంటికి వెళ్లే నీళ్లను అసలు మొదట్లోనే బిగించేసింది. బిగించిన చోట సుద్దతో గీత పెట్టింది. మూడో మంగళవారం వెళ్లి చూస్తే సుద్ద గీత సగం తిరిగి ఉంది. ఎవరో విప్పారు. మీటరు మళ్లీ డెబ్బై లీటర్లు తిరిగింది.

ఇంట్లో మాత్రం ఏమీ లేదు. సబ్బు ముక్క లేదు, చెత్త లేదు, అన్ని ఇళ్లలో ఉండే సన్నటి దుమ్ము కూడా లేదు. దుమ్ము లేదన్న సంగతి అక్కకు బయటికొచ్చి నాలుగిళ్లు దాటాక తట్టింది. అక్కడే కాసేపు నిలబడిపోయిందట.

నాలుగో మంగళవారం ఎప్పటిలాగే తలుపు తట్టి, కేకేసి, లోపలికి వెళ్లింది. మూడు కుళాయిలూ తిప్పి ముందు గదిలో గోడకు ఆనుకుని నిలబడింది. ఏడాదిగా విన్న చప్పుళ్లు అవి. వంటింటిది రేకు సింకు మీద గలగలా, స్నానాల గదిది నేలమీద ధారగా, పెరటిది మట్టిలో మెత్తగా. మూడూ కలిసి వినిపిస్తుంటే రిజిస్టరు తీసి రాసుకుంటోంది.

మూడు చప్పుళ్లు రెండయ్యాయి.

పైపులో గాలి అడ్డుపడిందేమో అనుకుని వంటింట్లోకి వెళ్లింది. కుళాయి బిర్రుగా కట్టేసి ఉంది. దాని చివర ఒక బొట్టు ఇంకా వేలాడుతోంది. ఆమె చూస్తుండగానే అది రాలింది.

అక్క పరుగెత్తలేదు. పరుగెత్తితే వెనక నుంచి ఎవరైనా వస్తారనిపించిందట. మిగిలిన రెండు కుళాయిలూ నెమ్మదిగా కట్టి, తలుపుకు తాళం వేసి, వీధి చివర స్టాపుకు నడిచివచ్చింది. అప్పుడే నా బస్సు వచ్చి ఆగింది. డ్యూటీలో ఉండగా ఆమె నా బస్సు ఎక్కడం అదే మొదటిసారి. సీట్లో కూర్చోకుండా వచ్చి నా పక్కన నిలబడింది.

"పోనీరా" అంది.

"అర నిమిషం కాలేదక్కా."

"పోనీయరా బాబూ!"

ఆ సాయంత్రం అంతా విన్నాక బావ నవ్వబోయాడు. అక్క మొహం చూసి ఊరుకున్నాడు. "ఇంజినీరుగారికి చెప్పు. ఒక్కదానివీ ఆ ఇంట్లో అడుగు పెట్టకు" అన్నాడు.

నీళ్ల శాఖ ఇంజినీరు మంచివాడే. ఎవరి మీదా కేకలేయడు. అక్క చెప్పినదంతా విని, సొరుగులోంచి ఒక జాబితా తీసి, వేలితో వరసలు దాటుకుంటూ వెళ్లి ఒక చోట ఆగాడు.

"తొమ్మిదో వీధి, నాలుగో ఇల్లు. అందులో నలుగురున్నారు కదమ్మా? భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఆరు నెలల కిందట వచ్చారు."

"అందులో ఎవరూ లేరండీ. వారం వారం వెళ్లేదాన్ని, నాకు తెలియదా?"

"జాబితాలో ఉన్నారు."

అక్క ఆ కాగితం తనవైపు తిప్పుకుని చూసింది. మూడు వందల పన్నెండు ఇళ్లూ నిండి ఉన్నాయి. ఒక ఇంట్లో ముగ్గురు, ఒక ఇంట్లో ఐదుగురు. ఎవరి వయసు వాళ్లకు రాసి ఉంది. ఒకచోట ఏడాది పసిబిడ్డ కూడా ఉంది.

"వీళ్లంతా ఎవరండీ?"

ఇంజినీరు కాసేపు నీళ్లు నమిలాడు. "రాజధానిలో జనాన్ని నీళ్లతో కొలుస్తారమ్మా. ఇన్ని లీటర్లు వాడితే ఇంతమంది ఉన్నట్టు. మన మీటర్ల అంకెలు చూసి ఇళ్ల ఆఫీసువాళ్లు జాబితా నింపుకున్నారు."

"ఆ నీళ్లు వదిలింది నేను."

"తెలుసు" అన్నాడతను, గొంతు బాగా తగ్గించి. "అంకె పదివేలు దాటితేనే ఆస్పత్రి తెరుస్తారు. అంకె పడిపోతే మీ తమ్ముడి బస్సు ఆగిపోతుంది, మీ పని పోతుంది, నా పనీ పోతుంది. నిజం మనుషులు ఎలాగూ వస్తారు కదా. కాస్త ముందుగా రాశారు, అంతే."

"మరి ఆ కుళాయి కట్టింది ఎవరు?"

ఇంజినీరు జాబితా మడిచి సొరుగులో పెట్టాడు. సొరుగుకు తాళం వేసి, కుర్చీ కాస్త దూరంగా జరుపుకున్నాడు.

ఆ వారమంతా ఆమె సరిగ్గా తిండి తినలేదు. ఇంట్లో కుళాయి తిప్పి, చెయ్యి దాని మీదే ఉంచి అలా చూస్తూ ఉండిపోయేది. "నేను తిప్పినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చారటరా" అంది నాతో. "వయసులతో సహా."

తర్వాతి మంగళవారం నేను సెలవు పెట్టి తనతో వెళ్లాను. పగలు పదకొండు గంటలు. ఎండ తెల్లగా కాస్తోంది. వీధిలో మా ఇద్దరి చెప్పుల చప్పుడే. రెండు వైపులా ఆకుపచ్చ తలుపులు, ఒక్క దానిమీద కూడా చేతి మరక లేదు. అంత వెలుతురులో భయమేస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

అక్క తలుపు తట్టింది. "నీళ్ల మనిషినండీ" అంది. లోపలికి వెళ్లాం. కుళాయిలేవీ తిప్పకుండా ముందు గది మధ్యలో నిలబడి, ఎవరితోనో ఎదురుగా మాట్లాడుతున్నట్టు చెప్పింది: "ఎవరున్నారో నాకు తెలియదు. మీకు నేనేం చెయ్యను. ఉంటే ఒక్క మాట పలకండి."

ఏమీ లేదు. అప్పుడు స్నానాల గది వైపు నుంచి, ఎత్తుమీద నుంచి, ఒక ఆడగొంతు వినిపించింది. పుస్తకం చదువుతున్నట్టు, అక్షరం అక్షరం విడిగా పలికింది.

"మీరు నలుగురూ వచ్చేశారా?"

నిజం చెప్పాలంటే నేను తలుపు వైపు రెండడుగులు వేశాను. అక్క మాత్రం కదల్లేదు.

"నలుగురెవరమ్మా? నేనూ, మా తమ్ముడూ. అంతే."

అటక చెక్క తలుపు జరిగింది. ముందు రెండు పాదాలు వేలాడాయి. తర్వాత ముప్పై ఏళ్ల మనిషి ఒకామె కిందికి దిగింది. బట్టలు శుభ్రంగా ఉన్నాయి, జుట్టు బిగించి కట్టుకుని ఉంది. మనిషి మాత్రం కర్రలా ఎండిపోయింది. మమ్మల్నిద్దర్నీ దాటి మా వెనక గుమ్మం వైపు చూసింది, ఇంకా ఎవరైనా వస్తారేమోనని.

ఆమె పురుళ్లు పోసే నర్సు. ప్రణాళిక ప్రకారం పిలిస్తే సముద్రం దాటి వచ్చింది. ఇల్లు కేటాయించిన ఉత్తరం, తాళంచెవి ఆమెకు పోస్టులోనే పంపారు. తీరా వస్తే ఆస్పత్రి ఇంకా తెరవలేదు. ఇళ్ల ఆఫీసు కిటికీలో గుమాస్తా జాబితా చూసి, "ఈ ఇంట్లో నలుగురున్నారు. మీ పేరు లేదు. ఖాళీ అయ్యాక కబురు చేస్తాం" అన్నాడు. అతిథి గృహంలో పదిహేను రోజులు ఉంచి పంపేశారు. ప్రాంతం దాటితే అనుమతి రద్దవుతుంది. చేతిలో తాళంచెవి ఉంది. వచ్చి తలుపు తీసింది.

"ఇల్లు ఖాళీగా ఉన్నది. వారు ఊరికి వెళ్లినారు, తిరిగి వచ్చెదరు అని అనుకున్నాను" అందామె. మా భాష ఆమె పాత పాఠ్యపుస్తకాల్లో నేర్చుకుంది. "ప్రతి మంగళవారము వారు వచ్చేవారు. తలుపు తట్టేవారు. నీరు వదిలేవారు. ఒక స్త్రీ పిల్లలతో, ఎర్ర నీరు తాగవద్దు, అని చెప్పేది. పిల్లలు ఎప్పుడూ బదులు పలకలేదు. అది నాకు చాలా భయము కలిగించినది."

అక్క భుజాన ఉన్న సంచీ దించి ఆమె ఎదురుగా కూర్చుంది.

ఐదు వారాలు అలా గడిపిందామె. పెద్ద పడకగది ఆ భార్యాభర్తలది, చిన్నది పిల్లలది అనుకుని రెండింటిలోనూ పడుకోలేదు. అటకమీద పడుకునేది. వాళ్ల ఇల్లు పాడుచేశానన్న మాట రాకూడదని రోజూ తుడిచేది. నీళ్లు ఆగిపోయిన రాత్రి వీధిలోని ఇనుప మూత ఎత్తి తనే విప్పుకుంది. సింకు కింద పైపు కారుతున్న చప్పుడు విని, అక్కడ దాచిన తన సర్టిఫికెట్ల సంచీ తడుస్తుందని, ఆ ఒక్కరోజు ప్రాణాలకు తెగించి వచ్చి కుళాయి కట్టింది.

"తిండి కొనుక్కోడానికి ఊళ్లో రొట్టెల దుకాణానికి ఎలా వెళ్లేదానివమ్మా? నా బస్సు ఎప్పుడూ ఎక్కలేదే?" అన్నాను.

ఆమె నావైపు తిరిగి తల అడ్డంగా ఊపింది. "ఆ బస్సులో ఎవరూ ఉండరు. అయినను ఆగును. తలుపులు తెరుచును. నేను గోడ వెనుక దాగి, అది వెళ్లిపోయిన తర్వాత నడిచేదానను."

అక్క ఆమెను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. బావ గుమ్మంలో ఎదురై, "ఇంతకాలానికి మీ చుట్టాల్లో ఒకరు నిజంగా వచ్చారన్నమాట" అని, వెంటనే నాలిక్కరుచుకుని, వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించాడు.

మరునాడు అక్క రిజిస్టరు తీసి, తొమ్మిదో వీధి నాలుగో ఇంటికి ఎదురుగా "ఒక్కరు. నర్సు" అని రాసింది. మిగతా మూడు వందల పదకొండు ఇళ్లకూ ఒక్కొక్క దానికి ఎదురుగా "ఎవరూ లేరు. నీళ్లు నేను వదిలినవి" అని రాసింది. ఒకేసారి గీతపెట్టి రాయొచ్చు కదా అన్నాను. "ఒకేసారి రాసుకొచ్చారా వాళ్లని? వయసులు వేసి మరీ రాశారు" అంది. రెండు రోజులు పట్టింది. ఇంజినీరు ఆ పేజీలు చదివి తల పట్టుకున్నాడు. మార్చమని అడిగాడు, బతిమాలాడు. అక్క మార్చలేదు. చివరికి అతనే రిజిస్టరును కవర్లో పెట్టి రాజధానికి పంపాడు. ఎందుకు పంపాడో నాకు తెలియదు. ఆ జాబితాతో ఒంటరిగా ఆ గదిలో కూర్చోవడం అతనికీ కష్టమైపోయిందేమో.

నెలలోపల ఇద్దరు అధికారులు వచ్చి నా బస్సెక్కారు. ఆరు స్టాపుల్లోనూ ఆగమన్నారు. తలుపులు తెరుచుకున్న ప్రతిసారీ చిన్న అధికారి ఏదో రాసుకున్నాడు. పెద్దాయన కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. నాలుగో స్టాపు దాటాక, "ఆ గొంతు ఆపగలరా?" అని అడిగాడు. అది ఆపే మీట నా దగ్గర లేదని చెప్పాను.

అంకె ఎనిమిది వేల చిల్లరకు దిగింది. పన్నెండు వీధులు మూసేశారు. బస్సు రెండు ట్రిప్పులైంది, నన్ను వేరే దారికి మార్చారు. ఊళ్లో చాలామంది అక్కను చూసి మొహం చాటేశారు. ఊరి నోటి దగ్గర కూడు తన్నేసిందన్నారు. రొట్టెల దుకాణదారు రెండేళ్లు ఆమెతో మాట్లాడలేదు. సరుకు ఇచ్చేవాడు, మాట మాత్రం లేదు. ఇంజినీరును ఎక్కడికో బదిలీ చేశారు.

అయితే ఆస్పత్రి భవనం తాళం తీశారు. ఉన్న ఎనిమిది వేలమందికీ పురుళ్లు వస్తాయి కదా అని ఆ నర్సు పెద్దాయనతో తన పుస్తకాల భాషలో గంటసేపు వాదించింది. ఒక్క వార్డు, ఆరు మంచాలు. ఆ ఏడు అందులో యాభై నలుగురు పిల్లలు పుట్టారు. జననాల గుమాస్తా అంతకుముందు ఆ జాబితాల వ్యవహారంలో దెబ్బ తిన్నవాడేమో, మొదటి బిడ్డ కాగితం చూసి "ఈ బిడ్డ ఉన్నట్టేనా?" అని అనుమానంగా అడిగాడట. అక్క అక్కడే ఉంది. "వచ్చి ఏడుపు వినండి" అంది. తర్వాత నిజంగానే జనం రావడం మొదలైంది. నిదానంగా, ఒకరి తర్వాత ఒకరు. ఒక వెల్డరూ వాళ్ల అత్తగారూ, ఇద్దరు అన్నదమ్ములైన మెకానిక్కులు, ఒక లెక్కల టీచరు. నాలుగేళ్లలో నలభై ఒక్క కుటుంబాలు. ఈసారి మనిషి వచ్చాకే ఆ ఇంటి తలుపుకు కొత్తగా రంగు వేసేవారు.

నర్సుకు ఆ తొమ్మిదో వీధి ఇల్లే ఇచ్చారు, పక్కా కాగితాలతో. ఒకసారి బల్బు మార్చడానికి వెళ్లాను. పెద్ద పడకగదిలో మంచం వేసి ఉంది, పరుపు ముడత పడలేదు. ఆమె ముందు గదిలో చాపమీదే పడుకుంటోందట. బల్బు మార్చి వచ్చేశాను.

అక్క ఉద్యోగం మానే ముందు చేసిన చివరి పని, మూసేసిన పన్నెండు వీధులకు నీళ్లు పూర్తిగా కట్టెయ్యడం. తర్వాత మూడేళ్లకు ఒకరోజు నన్ను అటు తీసుకెళ్లమంది. తాళాలు తుప్పుపట్టి ఊడిపోయాయి. గాలికి తలుపులన్నీ తెరుచుకుని ఉన్నాయి, వీధి పొడవునా, రెండు వైపులా, లోపల నల్లగా. అక్క కాసేపు చూసి, మొదటి ఇంటి మెట్లెక్కి, తట్టకుండానే తలుపు దగ్గరికి లాగి, గడియకు తాడు కట్టింది. రెండో ఇంటికి వెళ్లింది. నేనూ అవతలి వరస నుంచి మొదలుపెట్టాను. పొద్దు వాలేసరికి మూడు వీధులయ్యాయి. మిగతావి రేపు చూద్దామంది. మరునాడు నాకు డ్యూటీ పడింది. ఆమె ఒక్కతే తాడుచుట్ట తీసుకుని వెళ్లింది.